ఎక్కడ మొదలు, ఎంత వాటం

మా డాబా మీద వానాకాలంలో నీళ్ళు నిలుస్తున్నాయని ఒక వేసవిలో పైన మళ్ళీ గచ్చు చేయించాం. పనికొచ్చిన మేస్త్రీ మొదటి పూట సిమెంటు బస్తా విప్పనే లేదు. నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చాడు. దాని ఒక కొసను తూర్పు పిట్టగోడకు ఆనించి తను పట్టుకున్నాడు. రెండో కొసను పడమటి పిట్టగోడ దగ్గర కూలీ పట్టుకున్నాడు. గొట్టంలో నీళ్ళు ఊగి ఊగి నిలబడ్డాక, రెండు వైపులా నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టారు. ఇరవై అడుగుల ఎడంలో ఉన్న ఆ రెండు గుర్తులూ ఇప్పుడు సరిగ్గా ఒకే మట్టంలో ఉన్నాయి. అక్కడి నుంచి కిందికి టేపుతో కొలిచాడు. శ్లాబు చదునుగా ఉంది, ఎటూ వాలు లేదు. నీళ్ళు నిలవడానికి కారణం అదే. తూర్పు గోడకు శ్లాబు నుంచి 5 అంగుళాల ఎత్తున ఒక మేకు కొట్టాడు. నీళ్ళు దిగే గొట్టం ఉన్న పడమటి గోడకు 3 అంగుళాల ఎత్తున ఇంకో మేకు కొట్టాడు. రెండిటికీ నైలాన్ దారం కట్టి బిగించాడు.

“ఐదూ మూడూ ఎలా వచ్చాయి మేస్త్రీ?” అని అడిగాను.

“వాటం సార్. పదడుగులకి అంగుళం దిగాలి. మీది ఇరవై అడుగులు, రెండంగుళాలు దిగుద్ది” అన్నాడు, దారాన్ని వేలితో ఒకసారి మీటి.

ఒక సరళరేఖకు కావలసిన సమాచారమంతా ఆ మాటలోనూ ఆ మొదటి మేకులోనూ ఉంది. మొదలు 5 అంగుళాల దగ్గర. వాటం పదడుగులకు అంగుళం, కిందికి. తూర్పు గోడ నుంచి ఎక్స్ అడుగులు నడిచాక గచ్చు మందం వై అంగుళాలు అనుకుంటే, మేస్త్రీ మాట ఇలా రాసుకోవచ్చు:

వై = −(1/10) ఎక్స్ + 5

ఎనిమిది అడుగుల దగ్గర మందం ఎంత ఉండాలి? 5లోంచి 0.8 పోతే 4.2 అంగుళాలు. మేస్త్రీకి ఈ తీసివేతతో పని లేదు. దారం కింద టేపు నిలబెడితే చాలు, జవాబు దారమే చెబుతుంది. గ్రాఫు కాగితం మీద మనం గీసే గీత కూడా బిగించిన దారమే. దాని కింద ఎక్కడ కొలిచినా సమాధానం దొరుకుతుంది.

ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో దీని పేరు వాలు–అంతరఖండ రూపం. వై = ఎం ఎక్స్ + సి అని రాస్తారు. ఎం అంటే వాలు. సి అంటే అంతరఖండం, అంటే గీత వై అక్షాన్ని కోసే చోటు. అమెరికాలో చదువుకునే మన పిల్లల పుస్తకాల్లో సి ఉన్న చోట బి కనిపిస్తుంది, మిగతాదంతా ఇదే. అక్షరాలు ఏవైనా పెట్టుకోవచ్చు. 1150లో రాసిన బీజగణితంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని, దానికి గుర్తుగా ‘యా’ అని రాశాడు. రెండో తెలియని రాశి ‘కాలక’, గుర్తు ‘కా’. తెలిసిన అంకెకు ‘రూప’ అనే మాటలోంచి ‘రూ’. ఆయన పద్ధతిలో ‘యా 3 రూ 5’ అంటే మనం ఇవాళ 3 ఎక్స్ + 5 అని రాసేదే. ‘యా’ పక్కనున్న 3 రాశి మారినప్పుడల్లా పని చేస్తుంది, ‘రూ’ పక్కనున్న 5 మారకుండా అలాగే ఉంటుంది. వాలుకూ అంతరఖండానికీ ఉన్న తేడా ఆ రాతలోనే ఉంది. అయితే ఆ సమీకరణాలను మనవాళ్ళు లెక్కగా సాధించారు. వాటిని గీతగా చూడడం తర్వాతి కాలపు ఆలోచన.

ఆ ఆలోచన పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో ఇద్దరికి విడివిడిగా వచ్చింది. రెనె డెకార్ట్ 1637లో తన తాత్విక గ్రంథానికి అనుబంధంగా ‘లా జియోమెట్రీ’ అచ్చు వేయించాడు. దాదాపు అదే సమయంలో పియెర్ ద ఫెర్మా కూడా అలాంటి రచనే చేశాడు, కానీ అది ఆయన పోయాక 1679లో గానీ అచ్చు కాలేదు. పేరు డెకార్ట్‌కు దక్కింది. ఆయన పేరు మీదే కార్టీసియన్ తలం అంటున్నాం. సరళరేఖ వరకు చూస్తే నా ఓటు ఫెర్మాకే. రెండు తెలియని రాశులున్న మొదటి తరగతి సమీకరణం ఏదైనా సరళరేఖనే ఇస్తుందని ఆయన సూటిగా చెప్పాడు. ఇవాళ మనం గీసే అడ్డగీత, నిలువుగీత, నాలుగు పాదాలు ఉన్న బొమ్మ ఇద్దరి పుస్తకాల్లోనూ ఆ రూపంలో లేదు. అది తర్వాతివాళ్ళ చేతుల్లో మెల్లగా కుదురుకుంది.

చరిత్రను ఇక్కడికి ఆపి, గీత గీద్దాం.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు గ్రాఫు అంటే పట్టిక. సమీకరణం ఇవ్వగానే ఎక్స్‌కు 0, 1, 2, 3 అని విలువలు వేసుకోవడం, ఒక్కోదానికి వై కట్టడం, చుక్కలు పెట్టడం, స్కేలు పెట్టి కలపడం. ఎక్స్ ముందు భిన్నం ఉంటే ప్రతి గడిలోనూ భిన్నమే వచ్చేది. ఒక్క గుణకారం తప్పితే ఒక చుక్క దారి తప్పి పక్కకు పోయేది. అప్పుడు రబ్బరు పెట్టి తుడవడం. మార్కులు వచ్చేవి, గానీ సమీకరణానికీ గీతకూ మధ్య చుట్టరికం ఏమిటో తెలిసేది కాదు. ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు పట్టికను చివరికి ఉంచుతాను, సరిచూసుకోవడానికి. ముందు సమీకరణాన్ని చదవమంటాను. అందులో రెండు అంకెలు ఉంటాయి: ఒకటి కాలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది, రెండోది అడుగు ఎలా వేయాలో చెబుతుంది.

వై = (2/3) ఎక్స్ + 1 తీసుకోండి. ముందు చివరనున్న 1 చూడండి. ఎక్స్ సున్నా అయినప్పుడు మొదటి పదం మాయమైపోతుంది, వై 1 మిగులుతుంది. అంటే గీత (0, 1) గుండా పోతుంది. పెన్సిలు మూలబిందువు దగ్గర పెట్టి, నిలువుగా ఉన్న వై అక్షం వెంట ఒక గడి పైకి వెళ్ళి చుక్క పెట్టండి. ఇది మేస్త్రీ కొట్టిన మొదటి మేకు. ఎక్కువ మంది తప్పు చేసే చోటు కూడా ఇదే. 1 అనగానే అలవాటుగా ఎక్స్ అక్షం మీద కుడివైపు ఒక గడి జరిగి చుక్క పెట్టేస్తారు. వై అక్షాన్ని గుర్తుపెట్టుకోవడానికి సూత్రాలేవీ అక్కర్లేదు. సి అనేది వై విలువ, కాబట్టి వై అక్షం మీదే ఉంటుంది.

ఇప్పుడు వాలు, 2/3. కింద ఉన్న 3 అడ్డంగా నడవాల్సిన గడులు. పైన ఉన్న 2 ఎక్కాల్సిన గడులు. (0, 1) నుంచి కుడికి మూడు గడులు జరగండి, అక్కడి నుంచి పైకి రెండు గడులు ఎక్కండి. (3, 3)కి చేరారు, చుక్క పెట్టండి. మళ్ళీ మూడు కుడికి, రెండు పైకి: (6, 5). మళ్ళీ అంతే: (9, 7). వెనక్కి కూడా పోవచ్చు. (0, 1) నుంచి మూడు ఎడమకి, రెండు కిందికి: (−3, −1). ఒక్క గుణకారమైనా చేయకుండా ఐదు చుక్కలు వచ్చాయి, ఒక్కదానిలోనూ భిన్నం లేదు. స్కేలు పెట్టి కలపండి, రెండు చివరలా బాణం గుర్తులు వేయండి. ఎక్స్ = 6 పెట్టి సరిచూడండి: 6లో మూడింట రెండు వంతులు 4, దానికి 1 కలిపితే 5. మన చుక్క సరిగ్గా ఉంది.

రెండు చుక్కలు చాలవా అని అడగొచ్చు. రెండు బిందువుల గుండా ఒకే సరళరేఖ పోతుంది గనక చాలు. మేస్త్రీ కూడా రెండే మేకులు కొట్టాడు. అయినా మూడోది పెట్టమని చెబుతాను. రెండు చుక్కల్లో ఒకటి తప్పినా వాటి గుండా గీత చక్కగానే వస్తుంది, తప్పు బయటపడదు. మూడోది ఉంటే పట్టిస్తుంది.

ఈ అడుగుల పద్ధతి ఎందుకు పని చేస్తుందో ఒక్క నిమిషం ఆగి చూడాలి. గీత తిన్నగా, వంకర లేకుండా ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఎక్స్‌కు 3 కలిపితే (2/3) ఎక్స్‌కు 2 కలుస్తుంది. ఎక్స్ అప్పటికి ఎంత ఉన్నా అంతే. 0 నుంచి 3కి వెళ్ళినా, 300 నుంచి 303కి వెళ్ళినా వై పెరిగేది 2 మాత్రమే. చివరనున్న 1 ఈ పెరుగుదలలో జోక్యం చేసుకోదు. కాబట్టి ప్రతి అడుగుకూ కాగితం మీద ఒకే త్రిభుజం ఏర్పడుతుంది, భూమి 3, ఎత్తు 2. అన్నిట్లోనూ కోణం ఒకటే గనక వాటి ఏటవాలు భుజాలు ఒకదాని కొసన ఒకటి అతుక్కుని ఒకే వరసలో సాగుతాయి. మెట్ల వరస మీద నిచ్చెన ఆనించినట్టు ఉంటుంది. మెట్లన్నీ ఒకే కొలతవైతే నిచ్చెన ప్రతి మెట్టు అంచునూ తాకుతుంది. ఒక్క మెట్టు పొట్టిదైనా అక్కడ సందు వస్తుంది. ఎక్స్ వర్గం ఉన్న సమీకరణంలో మెట్లు ఒక్కోటీ ఒక్కో ఎత్తు, అందుకే అక్కడ వక్రం వస్తుంది.

వాలు రుణాత్మకమైతే? వై = −(3/4) ఎక్స్ + 6. మొదటి చుక్క (0, 6). రుణ గుర్తును పైనున్న 3కి ఇవ్వండి: నాలుగు కుడికి, మూడు కిందికి. (4, 3), ఆ తర్వాత (8, 0). గీత ఎడమ నుంచి కుడికి దిగుతుంది, మా డాబా గచ్చులాగే. ఆ గుర్తును కిందనున్న 4కి ఇచ్చినా ఇబ్బంది లేదు: నాలుగు ఎడమకి, మూడు పైకి, (−4, 9). అదే గీత మీద పడతారు. రెండిటికీ ఇవ్వడం మాత్రం కుదరదు. నాలుగు ఎడమకీ మూడు కిందికీ పోతే రుణం రుణం కొట్టేసుకుని వాలు +3/4 అయిపోతుంది, గీత ఎక్కడం మొదలుపెడుతుంది. దిద్దే పేపర్లలో నాకు తరచుగా కనబడే తప్పు ఇది.

వాలు పూర్ణాంకమైతే దాని కింద 1 ఉందనుకోండి. వై = 2 ఎక్స్ − 3లో మొదలు (0, −3), అడుగు ఒకటి కుడికి, రెండు పైకి. వాలు 0.4 అని దశాంశంలో ఉంటే 2/5 అని మార్చుకోండి, ఐదు కుడికి, రెండు పైకి. వై = 4 అని మాత్రమే ఉంటే వాలు సున్నా, ఎంత నడిచినా ఎక్కేదీ దిగేదీ లేదు, అడ్డగీత. ఎక్స్ = 4 లాంటి నిలువుగీత ఒక్కటే ఈ రూపంలోకి రాదు. అందులో నడక అన్నదే లేదు, సున్నాతో భాగించలేం గనక దానికి వాలు చెప్పలేం.

చాలాసార్లు సమీకరణం ఈ ముస్తాబులో రాదు. 2 ఎక్స్ + 3 వై = 12 అని వస్తుంది. దీనిలోని 2నో 12నో చూసి అడుగులు మొదలుపెట్టకూడదు. ముందు వై ఒంటరిగా ఒక వైపు నిలబడాలి. 2 ఎక్స్‌ను అవతలికి పంపితే 3 వై = −2 ఎక్స్ + 12. మొత్తాన్ని 3తో భాగిస్తే వై = −(2/3) ఎక్స్ + 4. ఇప్పుడు చదవొచ్చు: నాలుగు దగ్గర మొదలు, మూడు కుడికి, రెండు కిందికి, (3, 2). అసలు సమీకరణంలో వేసి చూడండి: 6 + 6 = 12. భాగించేటప్పుడు 12ను మరిచిపోయి 3తో ఎక్స్ గుణకాన్ని మాత్రమే భాగించేవాళ్ళున్నారు. అలా చేస్తే వాలు సరిగ్గానే ఉంటుంది, గీత మాత్రం తనకు సమాంతరంగా ఎక్కడో పైన తేలుతుంది.

ఇక్కడి దాకా కాగితం పని. ఈ రెండు అంకెలూ మన ఇంట్లో ఏం చేస్తున్నాయో చూడాలంటే వంటింట్లోకి రండి.

ఇంట్లో వాడే గ్యాస్ బండలో నిండుగా ఉన్నప్పుడు 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఖాళీ బండ బరువు ఎంతో బండ మీదే రాసి ఉంటుంది, ఒక్కో బండకు అది కొద్దిగా మారుతుంది. ఒక బండ మీద 15.5 అని ఉందనుకోండి. గ్యాసుతో కలిపి 29.7 కిలోలు. ఇంట్లో రోజుకు అరకిలో గ్యాసు ఖర్చవుతుందనుకుంటే, ఎక్స్ రోజుల తర్వాత బండ బరువు వై = −0.5 ఎక్స్ + 29.7. ఇందులో అంతరఖండం బండ ఇంటికొచ్చిన రోజు బరువు. వాలు ఆ ఇంటి వంట. నలుగురు చుట్టాలొచ్చి పది రోజులుంటే అంతరఖండం మారదు, వాలు మారుతుంది, గీత ఇంకా నిటారుగా దిగుతుంది. ఈసారి వచ్చిన బండ ఇంకాస్త బరువైనదైతే వాలు మారదు, గీత మొత్తం కాస్త పైకి జరుగుతుంది. పిల్లలకు ఈ రెండు మార్పులూ విడివిడిగా కనబడితే, వై = ఎం ఎక్స్ + సి వాళ్ళ చేతికి చిక్కినట్టే.

ఈ గీతను స్కేలుతో పొడిగిస్తే అది 59.4 రోజుల దగ్గర ఎక్స్ అక్షాన్ని తాకుతుంది. అంటే బండ బరువు సున్నా అట. అలా జరగదని అందరికీ తెలుసు. 28 రోజులు గడిచి 29వ రోజు వంట మధ్యలో పొయ్యి ఆరిపోతుంది, ఆ తర్వాత బరువు 15.5 దగ్గరే ఉండిపోతుంది. సమీకరణానికి ఇనుము సంగతి తెలియదు. గీత ఎంతవరకు నమ్మదగినదో గీసినవాళ్ళు తెలుసుకుని అక్కడ ఆపాలి.

ఇంకొక సంగతి. చిన్న తరగతుల్లో నేర్పే అనులోమానుపాతం మనలో బాగా పాతుకుపోయి ఉంటుంది: ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపు. అంతరఖండం సున్నా అయినప్పుడే ఇది నిజం, అప్పుడు గీత మూలబిందువు గుండా పోతుంది. అంతరఖండం ఉన్నచోట ఈ లెక్క చెల్లదు. నెలనెలా వచ్చే బిల్లులో వాడినా వాడకపోయినా కట్టాల్సిన స్థిర ఛార్జీ ఒకటి ఉంటే, వాడకం సగానికి తగ్గించినా బిల్లు సగం కాదు. ఏదో మోసం జరిగిందనిపిస్తుంది. చాలాసార్లు అది అంతరఖండమే.

గ్రాఫు గీసేటప్పుడు స్కేలు విషయంలోనూ జాగ్రత్త పడాలి. బండ గీతకు అడ్డంగా ఒక గడికి 5 రోజులు, నిలువుగా ఒక గడికి 1 కిలో తీసుకుంటే, −0.5 అనే వాలు కాగితం మీద గడికి రెండున్నర గడుల చొప్పున దిగుతుంది. అడుగులు వేసేటప్పుడు లెక్కపెట్టాల్సింది గడులను కాదు, అక్షం మీద రాసిన విలువలను. పేపర్లలో, టీవీల్లో చూపించే గ్రాఫులను కూడా ఈ కంటితోనే చూడండి. నిలువు అక్షాన్ని సాగదీస్తే చిన్న పెరుగుదల కూడా కొండ ఎక్కుతున్నట్టుంటుంది. నిటారుగా కనబడడం బొమ్మ గీసినవాడి చేతిలో ఉంది. వాలు అంకెల్లో ఉంది.

ఇన్ని గీతలు ఒకేచోట, ప్రాణాలను కాపాడే పనిలో ఉండడం చూడాలంటే రైల్వే కంట్రోల్ రూముకు వెళ్ళాలి. ప్రయాణికులకు అందే టైంటేబుల్ పట్టికలా ఉంటుంది, గానీ రైళ్ళను నడిపించే సెక్షన్ కంట్రోలర్ ముందుండేది గ్రాఫు. అడ్డంగా గంటలూ నిమిషాలూ, నిలువుగా వరుసగా స్టేషన్లు. ప్రతి రైలూ ఒక గీత. పందొమ్మిదో శతాబ్దిలోనే ఫ్రాన్సులో రైళ్ళకు ఇలాంటి గ్రాఫులు వచ్చాయి. మన దగ్గర చాలా కాలం కంట్రోలర్లు పెద్ద కాగితాల మీద స్కేలూ పెన్సిలూ పట్టుకుని గీసేవారు, ఇప్పుడు అదే బొమ్మ కంప్యూటర్ తెర మీద వస్తుంది. ఆ బొమ్మలో వాలు అంటే వేగం. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా ఉంటుంది, గూడ్సు గీత వాలిపోయి ఉంటుంది. స్టేషన్లో ఆగిన రైలు అడ్డగీత అవుతుంది, కాలం నడుస్తోంది, దూరం నడవడం లేదు. ఎదురు వచ్చే రైలుకు రుణాత్మక వాలు.

ఒక సింగిల్ లైను ఊహించండి, పొడవు 120 కిలోమీటర్లు. ఉదయం 6 గంటలకు ఈ కొస నుంచి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక రైలు బయలుదేరింది. 6 తర్వాత గడిచిన గంటలు ఎక్స్ అయితే, వై = 60 ఎక్స్. ఆరున్నరకు అవతలి కొస నుంచి అదే వేగంతో ఇంకో రైలు ఇటు బయలుదేరింది. దాని గీత వై = −60 ఎక్స్ + 150. ఆ 150 చూసి ఆగారా? పట్టాలు ఉన్నవే 120 కిలోమీటర్లు! అంతరఖండం అంటే ఎక్స్ సున్నా దగ్గర, అంటే 6 గంటలకు, ఆ గీత ఉండే చోటు. రైలు అప్పటికే అదే వేగంతో నడుస్తూ ఉంటే 150వ కిలోమీటరు దగ్గర ఉండేదన్నమాట. నిజానికి అది 120 దగ్గర ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. అయినా గీత గీయడానికి 150 సరైన అంకె. అంతరఖండం ప్రతిసారీ జరిగిన సంగతి కానక్కర్లేదు, గీతను నిలబెట్టే మేకు అయితే చాలు.

రెండు గీతలూ ఎక్కడ కోసుకుంటాయి? 60 ఎక్స్ = 150 − 60 ఎక్స్, కాబట్టి ఎక్స్ = 1.25, వై = 75. అంటే 7 గంటల 15 నిమిషాలకు, 75వ కిలోమీటరు దగ్గర. ఆ చోట రైలును పక్క లైనులో నిలబెట్టే వీలున్న స్టేషన్ ఉంటే కంట్రోలర్ పని సులువు. లేకపోతే ఒక రైలును ముందు స్టేషన్లోనే ఆపాలి, అంటే ఒక గీతలో చిన్న అడ్డగీత చేర్చాలి, కోసుకునే చోటు స్టేషన్ మీదికి వచ్చేలా. మీ రైలు ఊరు కాని ఊళ్ళో, ఏ కారణమూ కనబడకుండా పావుగంట ఆగినప్పుడు, అవతలి నుంచి ఒక గీత వస్తోందేమో చూడండి.

గీతను నమ్మదగినంత మేర దగ్గర ఆపాలని బండ దగ్గర చెప్పాను. ఆ హద్దు దాటి పొడిగించినందువల్లే విజ్ఞానం ఒక గొప్ప సంగతిని కనిపెట్టిన సందర్భమూ ఉంది. 1802లో గే లుసాక్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాలి మొదలైన వాయువులను వేడిచేసి, పీడనం మారకుండా ఉంచితే అవన్నీ ఒకే లెక్కన వ్యాకోచిస్తాయని చూపాడు. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఘనపరిమాణంలో దాదాపు 267వ వంతు చొప్పున, ప్రతి సెల్సియస్ డిగ్రీకీ. తర్వాతి కొలతలు ఆ అంకెను 273 దగ్గరికి సరిదిద్దాయి. సున్నా డిగ్రీల దగ్గర 273 మిల్లీలీటర్ల గాలి తీసుకుందాం. ఒక్కో డిగ్రీకి ఒక్కో మిల్లీలీటరు. ఉష్ణోగ్రత ఎక్స్, ఘనపరిమాణం వై అయితే వై = ఎక్స్ + 273. వాలు 1, అంతరఖండం 273. ఇంతకంటే సులువైన గీత ఉండదు.

ఇప్పుడు ఈ గీతను ఎడమకు పొడిగించండి. డిగ్రీకో మిల్లీలీటరు తగ్గుకుంటూ పోయి −273 దగ్గర ఎక్స్ అక్షాన్ని తాకుతుంది. అక్కడ గాలికి ఘనపరిమాణం సున్నా, అంతకంటే తక్కువ ఉండలేదు. నిజం గాలి అంతదూరం రాదు. దానిలోని ఆక్సిజన్ −183 డిగ్రీల దగ్గరా, నైట్రోజన్ −196 దగ్గరా ద్రవాలైపోతాయి, ఆ తర్వాత ఈ సమీకరణం వాటికి వర్తించదు. బండ గీతలాగే ఇదీ మధ్యలో ఆగిపోతుంది. కానీ ఏ వాయువుతో మొదలుపెట్టినా, ఎంత గాలి తీసుకున్నా, వాలూ అంతరఖండమూ రెండూ మారినా, పొడిగించిన గీతలన్నీ ఎక్స్ అక్షాన్ని ఆ ఒక్కచోటే తాకుతాయి. అన్ని గీతలూ ఒకే చోటికి చేరుతున్నాయంటే అక్కడ ఏదో ఉంది. 1848లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఏ పదార్థం మీదా ఆధారపడని ఉష్ణోగ్రతామానాన్ని ప్రతిపాదించాడు. ఆయన దారి ఉష్ణయంత్రాల సిద్ధాంతం నుంచి వచ్చింది, చేరింది మాత్రం ఆ చోటికే. ఇవాళ దాన్ని పరమశూన్యం అంటున్నాం, విలువ −273.15 డిగ్రీల సెల్సియస్. ఎవరూ చేరని చోటును స్కేలూ పెన్సిలూ ముందుగా చూపించాయి.

చివరగా ఒక గీత మీకే వదిలేస్తాను. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే 100 ఉందా, 101 ఉందా అని ఫారన్‌హీట్‌లో మాట్లాడుకుంటాం. ఎండలు మాత్రం సెల్సియస్‌లో చెప్పుకుంటాం. రెండిటికీ మధ్య సంబంధం సరళరేఖే. సెల్సియస్ ఎక్స్, ఫారన్‌హీట్ వై అయితే వై = (9/5) ఎక్స్ + 32. పట్టిక వేయొద్దు. 32 దగ్గర చుక్క పెట్టండి, ఐదు కుడికి, తొమ్మిది పైకి. 5 దగ్గర 41, 10 దగ్గర 50, అలా నడుచుకుంటూ వెళ్తే 35 దగ్గర 95 వస్తుంది, ఇంకో రెండు డిగ్రీలు జరిగితే 98.6, ఆరోగ్యంగా ఉన్న ఒంటి వేడి. తర్వాత అదే కాగితం మీద వై = ఎక్స్ అనే గీత కూడా గీయండి, మూలబిందువు నుంచి ఒకటి కుడికి, ఒకటి పైకి. ఎడమవైపు కింద చాలినంత చోటు ఉంచుకోండి. రెండు గీతలూ (−40, −40) దగ్గర కోసుకుంటాయి. ఆ చలిలో రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి.